అంపశయ్యపై తితిక్ష

సాధన చతుష్టయంలో శమాది షట్కసంపత్తి ఒకటి. ఆ ఆరింటిలో తితిక్షకు విశిష్టమైన స్థానం ఉన్నది. తత్త్వబోధలో దీనికి ఇచ్చిన నిర్వచనం క్లుప్తమైనది: శీతోష్ణాలను, సుఖదుఃఖాలను సహించగలగడం. శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణి మరొక అడుగు ముందుకు వేసింది. వచ్చిన దుఃఖాలన్నింటినీ ప్రతీకారానికి పూనుకోకుండా, చింతకు గానీ విలాపానికి గానీ లోనుగాకుండా సహించడమే తితిక్ష అని ఆ గ్రంథ తాత్పర్యం. ఇక్కడి ప్రతీకార శబ్దానికి పగ తీర్చుకోవడమని అర్థం కాదు. తెలుగులో ఆ అర్థం స్థిరపడింది గానీ, సంస్కృతంలో నివారణోపాయమనీ, వైద్యమనీ కూడా దానికి అర్థాలున్నాయి.

ఆరోగ్యవంతులు ఈ నిర్వచనాన్ని చదివి, తలయూచి, పుట తిప్పుతారు. వ్యాధిగ్రస్తులు దానిని అంత సులభంగా దాటిపోలేరు. ప్రతీకారం లేకుండా సహించడమే తితిక్ష అయితే, ఔషధం సేవించిన సాధకుడు తితిక్ష నుండి జారిపోయినట్లేనా? శరీరాన్ని రక్షించుకోవాలన్న ప్రయత్నం దేహాత్మబుద్ధికి చిహ్నమేనా? రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు సమీపాన నివసించే ఒక గృహిణి ఎదుట, యాభై ఆరవ యేట, ఈ ప్రశ్న శాస్త్రచర్చగా కాక ప్రాణసమస్యగా వచ్చి నిలిచింది.

ఆమెది నిత్యానుష్ఠానం గల ఇల్లు. ఉదయం విష్ణుసహస్రనామం, శుక్రవారం లలితాసహస్రనామం, వారానికొకసారి గీతా సత్సంగం. స్నానం చేస్తుండగా కుడి స్తనంలో శనగగింజ కన్న కొంచెం పెద్దదైన గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు గనుక కొన్ని వారాలు ఎవరితోనూ చెప్పలేదు. చివరకు కుమార్తె బలవంతం మీద పరీక్షలు జరిగాయి. మామోగ్రాం, బయాప్సీ అయిన తరువాత వైద్యురాలు రొమ్ము క్యాన్సర్ అని నిర్ధారించారు. పెద్దల నోట రాచపుండు అన్న పేరుతో చిన్ననాట విన్న వ్యాధి అది. శస్త్రచికిత్సలో కుడి స్తనాన్ని, ఆ వైపు చంకలోని లింఫ్ గ్రంథులను తొలగించారు. నాలుగవ నాడు ఇంటికి పంపించారు.

ఇంటికి ఆమె ఒంటరిగా రాలేదు. పార్శ్వం నుండి వెలువడే రెండు డ్రెయిన్ గొట్టాలు, వాటి చివర వేలాడే రెండు బుడ్డీలు ఆమె వెంట వచ్చాయి. గాయం లోపల ఊరే ద్రవం వాటిలోకి దిగుతుంది. ప్రతిదినం ఉదయం ఆ ద్రవాన్ని కొలపాత్రలో పోసి, ఎన్ని మిల్లీలీటర్లో వ్రాసిపెట్టాలి. భర్త బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. పాత ఖాతాపుస్తకంలో గీతలు గీసి, తేదీ, సమయం, పరిమాణం, రంగు అని నాలుగు గళ్ళు ఏర్పరచారు. నూట ఇరవై, తొంభై అయిదు, ఎనభై, మళ్ళీ తొంభై. ముప్ఫై కన్న తగ్గితే గొట్టం తీసివేయవచ్చునని చెప్పారు. ఒక గొట్టం తొమ్మిదవ నాడు, రెండవది పదునాలుగవ నాడు తీశారు.

కుడిచేయి తనది కాదన్నట్లు ఉండేది. భుజం దిగువన, చేయి లోపలి వైపున స్పర్శజ్ఞానం లేదు. చంకలోని నాడి దెబ్బతినడం వలన అలా జరుగుతుందనీ, కొందరిలో అది పూర్తిగా తిరిగి రాదనీ వైద్యురాలు ముందే చెప్పారు. ఆ చేతికి ఇంజెక్షన్ ఇవ్వకూడదు, రక్తపోటు చూడకూడదు, బరువు ఎత్తకూడదు. చేయి వాచకుండా, బిగుసుకుపోకుండా వ్యాయామం చేయాలి. గోడకు అభిముఖంగా నిలిచి, వేళ్ళను గోడపై చీమ ప్రాకినట్లు నెమ్మదిగా పైకి ప్రాకించాలి. ఏ నాడు ఎంత ఎత్తు అందిందో కుమార్తె పెన్సిలుతో గీత గీసేది. పూజగది గడప ప్రక్కనున్న ఆ గోడపై మొదటి గీత భుజం కన్న దిగువన ఉన్నది. మూడవ వారానికి కంటి ఎత్తుకు చేరింది. హారతి పళ్ళెం ఎడమచేతితో త్రిప్పవలసి వచ్చినప్పుడు ఆమె మనస్సు కలుక్కుమనేది.

ఇదంతా సహించదగినదిగానే తోచింది. అసలైన పరీక్ష ఆ తరువాత మొదలైంది. తొలగించిన కణజాలాన్ని పరీక్షించిన నివేదిక వచ్చింది. పదునెనిమిది గ్రంథులను పరిశీలించగా రెండింటిలో వ్యాధి కనిపించింది. ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలు ఉన్నవి. హెర్-2 అనే మరొక అంశం మాత్రం అవునని గానీ కాదని గానీ తేలలేదు. దానికోసం ఫిష్ అనే వేరొక పరీక్షకు నమూనా పంపారు. ఆ ఫలితాన్ని బట్టి ఏ మందులు ఇవ్వాలో నిర్ణయిస్తారు. కీమో తప్పదు, ఆ తరువాత రేడియేషన్, ఆపైన కొన్ని సంవత్సరాలపాటు హార్మోన్ మాత్రలు. గాయం మానేవరకు, ఫలితం వచ్చేవరకు వేచి ఉండాలి.

గడ్డను సమూలంగా తీసివేశామని చెప్పిన తరువాత మళ్ళీ ఈ చికిత్సలెందుకని ఆమె వైద్యురాలిని అడిగింది. కంటికి కనిపించినదాన్ని కత్తి తొలగించింది. కంటికీ యంత్రానికీ కూడా కనిపించనివి ఎక్కడైనా మిగిలి ఉంటే వాటికోసం మందులు అని ఆమె సమాధానం చెప్పారు. మిగిలి ఉన్నవో లేవో ఖచ్చితంగా తెలుసుకునే మార్గం లేదు. తిరగబెట్టే అవకాశాన్ని తగ్గించడమే దీని ప్రయోజనం. వేదాంత పరిచయం గలవారికి ఈ మాట అపరిచితంగా తోచదు. స్థూలమైన దోషం తొలగినా సూక్ష్మమైన వాసనలు శేషిస్తాయనీ, వాసనాక్షయం కోసం శ్రవణానంతరం కూడా దీర్ఘకాలం నిదిధ్యాసనం అవసరమనీ శాస్త్రం చెబుతుంది. పొలం దున్ని గరిక పీకిన రైతు, వేరు ముక్క మిగిలి ఉంటుందేమోనని మళ్ళీ మళ్ళీ కలుపు చూస్తాడు. అజాగ్రత్త వల్లనే ఆ పని మిగిలిందని అతనిని ఎవరూ నిందించరు.

అయినను, అర్థమైనంత మాత్రాన భయం పోదు. ఆమె పెద్దక్కగారు చాలా ఏళ్ళ క్రితం ఇటువంటి చికిత్సే పొందారు. ఆనాటి వాంతులు, జుట్టు ఊడిన తల, నోట్లో పుండ్లతో మజ్జిగ చుక్క కూడా మింగలేని రోజులు ఆమె కళ్ళెదుట ఇంకా ఉన్నవి. ఇటువంటి సమయంలో సత్సంగానికి చెందిన ఒక పెద్దాయన పరామర్శకు వచ్చారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు, ఆప్యాయతే ఉన్నది.

"అమ్మా, గడ్డ తీసేశారు కదా! ఇంకా ఈ తీక్ష్ణమైన మందులెందుకు? భీష్ములవారు అంపశయ్య మీద ఉండి కూడా వైద్యులను వెనక్కి పంపలేదా? దేహం ప్రారబ్ధానికి వదిలేసి, మీరు నామాన్ని పట్టుకోండి."

ఆ మాట ఆమెకు చల్లగా తగిలింది. ఆ రాత్రి కుమార్తెతో, "కీమో వద్దనుకుంటున్నానే అమ్మాయీ, భగవంతుడున్నాడు" అన్నది. కుమార్తె ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. భర్త ఖాతాపుస్తకం మూసి, "నువ్వు ఎలా అంటే అలాగే. కానీ నిర్ణయించుకునే ముందు భీష్ములవారి సంగతి ఒకసారి చదువుదాం" అన్నారు. మరునాటి నుండి రాత్రిపూట భారతం చదివి వినిపించడం ఆరంభించారు.

ఆ పఠనం ఏ దిశగా సాగిందో చెప్పేముందు, ఆ వారాలలోనే ఆమెను బాధించిన మరి రెండు విషయాలు చెప్పుకోవాలి.

మొదటిది కర్మ అన్న మాట. ఆడపడుచు ఒకరు వచ్చి, "ఏ జన్మలో చేసిందో వదినా, ఇలా అనుభవించవలసి వచ్చింది" అని కన్నీరు పెట్టుకున్నది. పూర్వజన్మకృతమైన పాపం వ్యాధిరూపంలో పీడిస్తుందన్న నానుడిని చాలామంది ఉదహరిస్తారు. అయితే అది సగం మాత్రమే. దానికి శాంతి ఏమిటో చెప్పే రెండవ సగం కూడా ఆ నానుడిలోనే ఉన్నది. ఔషధం, దానం, జపం, హోమం, దేవతార్చనం అని అక్కడ వరుసగా చెప్పారు. ఈ అయిదింటిలో ఔషధం మొదట వచ్చింది! మొదటి సగాన్ని మాత్రమే రోగికి వినిపించి వెళ్ళిపోయినవారు, తీర్పు చదివి ఉపశమనాన్ని దాచిపెట్టినవారవుతారు. పైగా కర్మసిద్ధాంతం సాధకుడు తన పురుషార్థాన్ని మేల్కొలుపుకోవడానికి ఏర్పడినది. ఇతరుల శయ్య ప్రక్కన కూర్చుని వారి గతజన్మను ఊహించడానికి అది పనికిరాదు. ప్రారబ్ధంలో వ్యాధి ఉన్నదని చెప్పేవారు, అదే ప్రారబ్ధంలో సమర్థురాలైన వైద్యురాలు, గోడపై గీతలు గీసే కుమార్తె, ద్రవం కొలిచే భర్త కూడా ఉన్నారని మరువకూడదు.

రెండవది ఆమె ఎవరితోనూ చెప్పుకోలేకపోయిన విషయం. శస్త్రచికిత్స జరిగిన తరువాత వచ్చిన మొదటి శుక్రవారం దిండుకు ఆనుకుని లలితాసహస్రనామం ఆరంభించింది. ఆ స్తోత్రం అమ్మవారి రూపాన్ని కిరీటం నుండి పాదాల వరకు క్రమంగా వర్ణిస్తూ సాగుతుంది. నలభై ఏళ్ళుగా నోటికి వచ్చిన నామాలు. కంఠం వర్ణన దాటి వక్షస్థల వర్ణనకు వచ్చేసరికి ఆమె గొంతు ఆగిపోయింది. బిడ్డకు పాలిచ్చిన అంగం ఇప్పుడు లేదు. జాకెట్టు కుడివైపు ఖాళీగా వేలాడుతున్నది. పైట ఎన్నిమార్లు సవరించుకున్నా చూసేవారి చూపు అక్కడికే పోతున్నట్లు తోస్తున్నది. ఆ నామాలను ఉచ్చరించే అర్హత తనకు పోయిందా అన్న శంక కలిగింది. పుస్తకం మూసివేసింది.

తరువాతి శుక్రవారం మళ్ళీ తెరిచింది. ఆగిన చోట మళ్ళీ ఆగింది. కన్నీరు తుడుచుకుని ముందుకు సాగింది. మరికొంత దూరం వెళ్ళేసరికి, అవయవ వర్ణన ముగిసి, నిర్గుణ నామాలు వచ్చాయి. అమ్మవారు నిరాకార. అమ్మవారు నిష్కళ. కళలు అంటే భాగాలు. భాగాలు లేనిదే నిష్కళ. అవయవం అవయవంగా ధ్యానించిన ఆ తల్లినే అవయవరహితగా కూడా ధ్యానించాలని ఆ స్తోత్రక్రమం చెబుతున్నది. రూపం అసత్యమని త్రోసివేయలేదు. రూపంతోనే అంతమని కూడా చెప్పలేదు. భాగాలు లేని వస్తువుకు భాగం పోవడమనేది ఉండదు. ఇన్నేళ్ళుగా ఆమె నాలుక మీద ఆడిన ఆ నామం ఆ నాడు మొదటిసారిగా ఆమెకు బదులు చెప్పింది.

సతీదేవి కథ కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. విష్ణుచక్రంతో ఖండింపబడిన ఆ దేహంలోని ప్రతి భాగం పడినచోటు ఒక శక్తిపీఠమైనది. గోదావరి మండలంలోని ద్రాక్షారామం, పిఠాపురం అటువంటి పీఠాలే. దేవి స్తనం పడినచోటుగా జాలంధరాన్ని భక్తులు కొలుస్తారు. ఖండితమైన అంగాన్ని ఈ సంప్రదాయం అశుభమని దాచలేదు. దాని మీద గుడి కట్టి దీపం పెట్టింది. ఈ స్మరణతో ఆమె దుఃఖం మాయం కాలేదు. అద్దం ముందు నిలిచినప్పుడు ఆ మచ్చను చూడడానికి మరి రెండు వారాలు పట్టింది. కానీ నామం ఆగలేదు.

ఇక భారతపఠనం. భీష్ముడు యుద్ధం పదవ నాడు పడిపోయాడు. శరీరమంతటా దిగిన బాణాలపైనే నిలిచిన ఆ వీరుని తల క్రిందికి వ్రేలాడింది. తలగడ అడిగాడు. రాజులు మెత్తని దిండ్లు తెచ్చారు. అవి వీరశయ్యకు తగవని త్రోసిపుచ్చి అర్జునుని వైపు చూశాడు. అర్జునుడు మూడు బాణాలతో తల నిలిపాడు. ఆ తరువాత బాణాలు తీయడంలో నేర్పరులైన వైద్యులు వచ్చారు. భీష్ముడు వారిని సత్కరించి పంపివేయమన్నాడు. పెద్దాయన చెప్పినది నిజమే. కానీ ఆయన చెప్పనిది, భీష్ముడు తానే చెప్పిన కారణం. క్షత్రియధర్మంలో శ్లాఘించబడిన గతి తనకు లభించింది. ఈ శరాలతోనే తనకు దహనం కావాలి. అంటే ఆయన చికిత్సను నిరాకరించినది స్వధర్మాన్ని బట్టి. ఆయన యోధుడు, కార్యం ముగిసినవాడు, స్వచ్ఛందమరణం వరంగా గలవాడు. యుద్ధంలో లేని, కార్యం ముగియని ఒక గృహిణికి ఆ నిరాకరణ ఎలా ఆదర్శమవుతుంది? పరధర్మాన్ని ఆచరించడం భయావహమని గీతాచార్యుడు హెచ్చరించినది ఇటువంటి అనుకరణను గురించి కూడా కావచ్చును.

మరునాడు దాహం వేస్తే భీష్ముడు నీరు అడిగాడు. అర్జునుడు భూమిని భేదించి జలధార తెప్పించగా ఆయన త్రాగాడు. తలగడ, నీరు. తనకు తగిన ఉపశమనాన్ని ఆయన కాదనలేదు.

అంతకన్న ముఖ్యమైన ఘట్టం శాంతిపర్వంలో ఉన్నది. భర్త అది చదువుతుండగా ఆమె లేచి కూర్చున్నది. యుద్ధం ముగిసింది. ధర్మరాజుకు ధర్మాలన్నీ బోధించమని శ్రీకృష్ణుడు భీష్ముని కోరాడు. ఉత్తరాయణం కోసం వేచి ఉన్న ఆ జ్ఞానవృద్ధుడు వెంటనే ప్రవచనం మొదలుపెట్టలేదు. తన వల్ల కాదన్నాడు. బాణాల బాధతో మనస్సు కలతచెందిందనీ, అవయవాలు సడలిపోయాయనీ, బుద్ధి స్పష్టంగా లేదనీ, మాట్లాడే శక్తి లేదనీ నిస్సంకోచంగా చెప్పుకున్నాడు. దానికి శ్రీకృష్ణుడు ఏమన్నాడు? దేహాన్ని మరచి బోధించమనలేదు. నొప్పి మిథ్య అనలేదు. గ్లాని, మూర్ఛ, దాహం, బాధ, ఆకలిదప్పులు ఏవీ ఉండవని వరమిచ్చాడు. అప్పటికి సాయంకాలమైంది. అందరూ సెలవు తీసుకున్నారు. మరునాడు వచ్చి, రాత్రి సుఖంగా గడిచిందా అని శ్రీకృష్ణుడు అడిగాడు. బాధ తొలగిందని, బుద్ధి నిర్మలమైందని భీష్ముడు చెప్పిన తరువాతనే ధర్మబోధ ఆరంభమైంది. భారతంలోని అతి దీర్ఘమైన ఉపదేశం, విష్ణుసహస్రనామంతో సహా, బాధ ఉపశమించిన తరువాత వెలువడినది!

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే భీష్ములవారు కూడా నొప్పిగా ఉందని చెప్పారన్నమాట" అన్నది. శస్త్రచికిత్స జరిగినప్పటి నుండి ఆమె నొప్పి మాత్రలను పూటకొకటి తగ్గించుకుంటూ వస్తున్నది. భరించడమే సాధన అనుకున్నది. ఆ రాత్రి వైద్యురాలు చెప్పిన మోతాదు ప్రకారం మాత్ర వేసుకుని నిద్రపోయింది. ఉదయం సహస్రనామంలో భేషజం, భిషక్కు అన్న నామాలు వచ్చినప్పుడు ఒక్క క్షణం నిలిచింది. మందూ ఆయనే, వైద్యుడూ ఆయనే. ఈశ్వరుని మీద భారం వేసి మందు మానడమంటే, ఆయన చాచిన చేతిని త్రోసివేసి ఆయననే పిలవడం వంటిది.

ఆధునిక కాలంలో భగవాన్ శ్రీ రమణమహర్షి జీవితం కూడా ఇక్కడ స్మరణీయం. 1949 ఫిబ్రవరిలో వారి ఎడమ మోచేతి వద్ద చిన్న కంతిని తొలగించారు. అది మళ్ళీ పెరిగింది. సార్కోమా అని తేలింది. ఆ సంవత్సరంలోనే మొత్తం నాలుగుమార్లు శస్త్రచికిత్స జరిగింది. రేడియంతో కూడా చికిత్స చేశారు. 1950 ఏప్రిల్ 14న వారు మహాసమాధి చెందారు. దేహాత్మభావన అణుమాత్రం కూడా లేని ఆ మహాత్ముడు వైద్యులను తిప్పి పంపలేదు. చేతిని తొలగించాలన్న సూచనను మాత్రం అంగీకరించలేదు. ఆసక్తి లేకుండానే చికిత్సకు దేహాన్ని అప్పగించడం సాధ్యమని ఆ జీవితం నిరూపిస్తున్నది. చికిత్స జరిగినా వ్యాధి శమించలేదు గనుక అది వ్యర్థమైందని కూడా ఎవరూ అనలేదు.

ఇప్పుడు వివేకచూడామణి నిర్వచనం వద్దకు తిరిగి వెళితే దాని మర్మం విశదమవుతుంది. ఆ నిర్వచనంలో రెండు అంశాలున్నాయి. ప్రతీకారం లేకపోవడం ఒకటి, చింతా విలాపాలు లేకపోవడం రెండవది. సర్వకర్మలను సన్న్యసించి, జిజ్ఞాస తప్ప వేరే కర్తవ్యం లేని ముముక్షువును ఉద్దేశించి మొదటి అంశాన్ని గ్రహించవచ్చు. గృహస్థాశ్రమంలో ఉన్నవారికి శరీరరక్షణ కూడా ధర్మంలో భాగమే. శరీరమే ధర్మసాధనకు మొదటి పరికరమన్న భావాన్ని కాళిదాసు కుమారసంభవంలో, తపస్సుతో కృశించిన పార్వతి ఎదుట, వటువేషంలో వచ్చిన పరమశివుని చేతనే చెప్పించాడు. రెండవ అంశం మాత్రం ఆశ్రమభేదం లేకుండా అందరికీ వర్తిస్తుంది. మందు వేసుకున్న తరువాత కూడా కొంత నొప్పి మిగులుతుంది. పరీక్షకు పంపిన తరువాత కూడా ఫలితం వచ్చేవరకు రోజులు గడవాలి. ప్రతీకారం ముగిసిన చోట తితిక్ష ప్రారంభమవుతుంది. చేయవలసినది చేసి, మిగిలినదాన్ని చింత లేకుండా మోయడమే గృహస్థుల తితిక్ష.

పతంజలి మహర్షి యోగసూత్రాలు కూడా ఈ దృష్టికి అనుకూలమే. చిత్తవిక్షేపం కలిగించే తొమ్మిది అంతరాయాలలో వ్యాధిని మొట్టమొదట చెప్పారు. ఇంకా రాని దుఃఖమే నివారించదగినదని రెండవ పాదంలో అన్నారు. అనుభవించినది గడిచిపోయింది, అనుభవిస్తున్నది ఈ క్షణంలోనే గతిస్తుంది. రాబోయేదాని విషయంలోనే ప్రయత్నానికి అవకాశం. ఆ సూత్రానికి ముఖ్యార్థం సంసారదుఃఖ నివృత్తి. అయినా శస్త్రచికిత్స తరువాత ఇచ్చే మందులకు కూడా ఇంతకన్న సూటి వివరణ దొరకదు. అవి ఉన్న వ్యాధికన్న రాబోయే దుఃఖాన్ని ఉద్దేశించినవి.

ఒక సూక్ష్మం మాత్రం సాధకులు ఎవరికి వారే పరీక్షించుకోవాలి. భయం తరచు వైరాగ్యవేషంలో వస్తుంది. "దేహం మీద మమకారం లేదు" అన్న వాక్యాన్ని వివేకం కూడా పలికిస్తుంది, వాంతుల భయం కూడా పలికిస్తుంది. రెండింటినీ వేరుచేసే గుర్తు ఒకటి ఉన్నది. వైరాగ్యం ఉన్నచోట రెండు మార్గాలూ సమానంగా కనిపిస్తాయి. చికిత్స చేయించుకోవడానికి కూడా మనస్సు వెనుకాడదు. ఒక మార్గాన్ని చూసి మాత్రమే వణికితే, అక్కడ ఉన్నది భయం. భయపడడం దోషం కాదు. దానికి భయమనే పేరు పెట్టడమే మొదటి మెట్టు. ఆమె ఆ మెట్టు ఎక్కింది. "నాకు అక్కయ్య గుర్తొచ్చి భయం వేస్తోందండీ" అని వైద్యురాలితో చెప్పింది. వాంతులు రాకుండా ముందుగానే ఇచ్చే మందులు ఈనాడు ఎంతో మెరుగుపడ్డాయని, నోటి పుండ్లకు తీసుకోవలసిన జాగ్రత్తలు ఇవని ఆవిడ ఓపికగా వివరించారు. చెప్పుకున్నందువల్లనే ఉపశమనానికి దారి దొరికింది. భీష్ముని విషయంలో జరిగినదీ అదే.

ఫిష్ పరీక్ష ఫలితం ఇంకా రావలసి ఉన్నది. అది ఏ విధంగా వచ్చినా కీమోకు వెళ్ళాలని ఆమె నిశ్చయించుకున్నది. అయిదవ వారంలో మొదటి విడత. సూది ఎడమచేతికే వేస్తారు గనుక, గోరువెచ్చని నీటిలో ఆ చేయి ముంచి, రబ్బరు బంతి నొక్కుతూ నామం చెప్పుకుంటున్నది. జుట్టు ఊడకముందే కత్తిరించుకోవాలని మరదలు సలహా ఇస్తే, తిరుమలలో మొక్కుగా ఇస్తే పోయేది కదా అని నవ్వింది. ఇంత రోగనిరోధకశక్తి తగ్గే సమయంలో జనసమ్మర్దంలోకి వెళ్ళవద్దని కుమార్తె మందలించింది. మొక్కు స్వస్థత వచ్చిన తరువాతకు వాయిదా పడింది. గోడపై గీత నొసటి ఎత్తు దాటింది. కొన్ని రాత్రులు ఇప్పటికీ నిద్ర పట్టదు. అప్పుడు భర్తను లేపుతుంది. ఆయన దీపం వేసి, ఆగిన చోటు నుండి శాంతిపర్వం చదువుతారు.

భీష్ముడు యాభై ఎనిమిది రాత్రులు శరశయ్యపై వేచి ఉన్నాడని భారతం చెబుతున్నది. ఉత్తరాయణం వస్తుందో రాదో అన్న సంశయం ఆయనకు లేదు, సూర్యగతి నిశ్చితం. వ్యాధిగ్రస్తుల నిరీక్షణకు ఆ నిశ్చయం లేదు. ఫలితం ఎటువంటిదో తెలియదు, చికిత్స ఎంత ఫలిస్తుందో తెలియదు. ఆ విధంగా చూస్తే వారి తితిక్ష మరింత కఠినమైనది, మరింత గౌరవించదగినది. అటువంటివారి వద్దకు పరామర్శకు వెళ్ళేవారు శ్రీకృష్ణపరమాత్మ చూపిన క్రమాన్ని పాటించాలి. ముందు బాధ ఎలా ఉన్నదని అడగాలి. అది తగ్గే ఉపాయానికి చేతనైన సాయం చేయాలి. రాత్రి నిద్ర పట్టిందా అని మరునాడు వచ్చి కనుక్కోవాలి. తత్త్వం ఆ తరువాత. అప్పుడు కూడా బోధించేది మనమే కావలసిన అవసరం లేదు. శయ్యపై ఉన్నవారి నుండే వినవలసి రావచ్చు.

రుగ్మతతో నిరీక్షిస్తున్న సాధకులందరికీ ఔషధరూపుడైన నారాయణుడు దేహంలో స్వస్థతను, మనస్సులో ధైర్యాన్ని ప్రసాదించుగాక.